లాటిన్‌లో ‘పారు’: ఫ్లుఓ క్రియను పట్టుకునే పద్ధతి

ధవళేశ్వరం దగ్గర పాయలైన గోదావరి, మన పంట కాలువలో నీళ్లు, ఒంటి మీద చెమట: అన్నిటికీ లాటిన్‌లో ఒకటే క్రియ, ఫ్లుఓ. ముందు మూడు రూపాలు కంఠతా పట్టండి: ఫ్లుఓ (పారుతున్నాను), ఫ్లుఎరె (పారడం), ఫ్లూక్సీ (పారాను). ‘త’ను ‘ట’గా పలకొద్దు, లాటిన్‌లో అది దంత్యమే.

వర్తమానం: ఫ్లుఓ, ఫ్లుఇస్, ఫ్లుఇత్, ఫ్లుఇముస్, ఫ్లుఇతిస్, ఫ్లుఉంత్. ‘అక్వ పెర్ ఫొస్సమ్ ఫ్లుఇత్’ అంటే నీరు కాలువ గుండా పారుతోంది. ‘పెర్’ తర్వాత ద్వితీయా విభక్తి తప్పదు. ఫొస్స అందుకే ఫొస్సమ్ అయింది.

అందరూ తడబడేది భవిష్యత్తులోనే. మొదటి గణంలోని (గణమంటే ఒకే తీరున రూపాలు మారే క్రియల గుంపు) అమాబిత్ (ప్రేమిస్తాడు) చూసి ‘ఫ్లుఏబిత్’ అనేస్తారు. ఇది మూడో గణం, ఇక్కడ ‘బి’ రాదు: ఫ్లుఅమ్, ఫ్లుఏస్, ఫ్లుఎత్. వర్తమానం ఫ్లుఇత్, భవిష్యత్తు ఫ్లుఎత్. తేడా ఒక్క అచ్చే, కాబట్టి రెండూ పక్కపక్కన రాసి గట్టిగా చదవాలి.

భూతకాలంలో ధాతువే మారుతుంది: ఫ్లూక్సిత్, బహువచనం ఫ్లూక్సేరుంత్. ‘ఊ’ దీర్ఘం మరవొద్దు. మనకు ‘పారాడు’, ‘పారింది’ వేరు. లాటిన్‌లో రెంటికీ ఫ్లూక్సిత్ చాలు, లింగం కర్తలోనే తెలుస్తుంది.