ఆన్ ఆర్బర్‌కి కొత్తగా వచ్చారా? 550–0 సంగతి ముందే తెలుసుకోండి

మిషిగన్ యూనివర్సిటీలో చేరాక, సెప్టెంబర్ పూర్తయ్యేలోపే ల్యాబ్‌లోనో బస్సులోనో ఎవరో ఒకరు ఈ యూనివర్సిటీ 1901 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఊసెత్తుతారు. పదకొండు మ్యాచ్‌లు, పదకొండూ గెలుపులే. వీళ్ల పాయింట్లు 550, అవతలివాళ్లందరివీ కలిపి సున్నా. కోతలు కావు, నిజమే. కాకపోతే అది ఇప్పటి ఆట కాదు.

ముందు ఇప్పటిది చూద్దాం. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు అవకాశాలిస్తారు, వాటిని డౌన్‌లంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు. తెరమీద ‘3 అండ్ 7’ అని పడితే, ఇది మూడో అవకాశం, ఇంకా ఏడు గజాలు కావాలి అని. బంతులు తరుగుతుంటే కావాల్సిన పరుగులు లెక్కేసుకునే క్రికెట్ బుర్రకి ఇది ఇట్టే ఎక్కుతుంది. నాలుగో డౌన్‌కి బంతిని దూరంగా తన్నేస్తే చేతులెత్తేశారనుకోకండి. ప్రయత్నించి విఫలమైతే బంతి అక్కడే అవతలివాళ్ల చేతికి పోతుంది, అందుకే ముందే వాళ్లని వెనక్కి నెడతారు. బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, దాని తర్వాతి కిక్‌కి 1. ఆట మధ్యలో బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, దానికి 3. క్వార్టర్ పావుగంటే, ఉన్నవీ నాలుగే. అయినా ఇంటికి చేరేసరికి సగం రోజు పోతుంది.

1901లో మూడే అవకాశాలు, కావాల్సింది ఐదు గజాలు. మైదానం 110 గజాలు. బంతిని ముందుకి విసరడం 1906 దాకా నిషిద్ధం, కాబట్టి అంతా పరుగూ తోపులాటే. టచ్‌డౌన్‌కి 5, ఫీల్డ్ గోల్‌కీ 5. కోచ్ ఫీల్డింగ్ యోస్ట్‌కి ఇక్కడ అదే తొలి సీజన్. బఫెలోని 128–0తో, ఒహాయో స్టేట్‌ని 21–0తో ఓడించారు. చివరి మ్యాచ్ 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో, స్టాన్‌ఫర్డ్‌తో. సీజన్ ముగిశాక ఆడే ప్రత్యేక మ్యాచ్ రోజ్ బౌల్, అందులో తొలిది అదే. అంతకుముందు సీజన్‌లో, 1900లో, యోస్ట్ కోచింగ్ ఇచ్చింది ఆ స్టాన్‌ఫర్డ్‌కే! ఇంకా ఎనిమిది నిమిషాలుండగానే వాళ్లు ఇక చాలన్నారు. స్కోరు 49–0. ఎనిమిది టచ్‌డౌన్‌లకి 40, ఒక ఫీల్డ్ గోల్‌కి 5, నాలుగు కిక్‌లకి 4. మిషిగన్ ఆటగాడు నీల్ స్నో ఒక్కడే ఐదు టచ్‌డౌన్‌లు చేశాడు. ఇవాళ్టి లెక్కన అదే ఆట 55–0. పాత స్కోర్లు ఎవరైనా చెబితే ఇలా మార్చి చూసుకోండి.

ఇక మీ శనివారాల సంగతి. స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా పడతారు, కాబట్టి మ్యాచ్ రోజు ఆ చుట్టుపక్కల కారు తీయకండి, సరుకులు శుక్రవారమే తెచ్చుకోండి. మ్యాచ్ టైమ్ టీవీవాళ్ల చేతిలో ఉంటుంది. చాలాసార్లు వారం, రెండు వారాల ముందుగానీ తేలదు. ఆ రోజు ఎవరినైనా ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తానని మాటిచ్చేముందు షెడ్యూల్ చూడండి. టికెట్‌ని ఇంట్లో ఉండగానే ఫోన్లో సేవ్ చేసుకోండి, గేటు దగ్గర అంతమంది మధ్య నెట్ అందదు. బ్యాగ్ వద్దు. స్టూడెంట్ సెక్షన్లో ఆటంతా నిలబడే చూస్తారు, చెప్పులు కాదు బూట్లేసుకోండి. నవంబర్‌లో బెంచీ ఐసుముక్కలా ఉంటుంది, జీన్స్ కింద థర్మల్ ఉండాల్సిందే.

నవంబర్ చివర్లో ఒహాయో స్టేట్‌తో మ్యాచ్ ఉన్న రోజు ఎర్ర చొక్కా మాత్రం బీరువాలోనే ఉంచండి, అది ఆ ప్రత్యర్థుల రంగు.