ర్యాక్ సర్వర్ ఎలా ఎంచుకోవాలి? ఇంటి ల్యాబ్‌కీ, చిన్న ఆఫీసుకీ

ర్యాక్ సర్వర్ (ర్యాక్ అనే చట్రంలో బిగించే పలకలాంటి సర్వర్) కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు), ఎంత ర్యామ్ అన్న దగ్గరే మొదలుపెడతారు. నేను మాత్రం ముందు పని చూడమంటాను, తర్వాత గది, కరెంటు. కోర్ల సంగతి ఆఖరున చూసుకోవచ్చు. పాత సర్వర్లలో కోర్లు చవగ్గానే దొరుకుతాయి. అసలు ఖర్చంతా దాన్ని పెట్టే చోటుకీ, నెలనెలా వచ్చే బిల్లుకీ, ఆఫీసుకైతే లైసెన్సులకీ అవుతుంది.

1. దాని మీద ఏం నడుస్తుందో రాసుకోండి

ఒక్కో పనికి ఎంత ర్యామ్, ఎంత డిస్క్ కావాలో కాగితం మీద వేసుకోండి. కుబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద యాప్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవడానికి నాలుగు వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్ లోపల విడివిడిగా నడిచే కంప్యూటర్లు), ఒక విండోస్ మెషీన్, ఒక డేటాబేస్ అనుకుంటే 64 జీబీతో హాయిగా సాగుతుంది. ఇంటి ల్యాబుల్లో, అంటే నేర్చుకోవడానికి ఇంట్లో పెట్టుకునే సర్వర్లలో, ముందు నిండేది ర్యామే. ప్రాసెసర్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. లెక్క 32 జీబీ లోపే తేలితే మినీ పీసీ కొనుక్కోండి, డబ్బూ కరెంటూ మిగులుతాయి.

పదిహేను మంది పనిచేసే ఆఫీసు లెక్క వేరు. ట్యాలీ, ఫైల్ షేరింగ్, బ్యాకప్‌లకు డజన్ల కోర్లు అక్కర్లేదు. పైగా విండోస్ సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్‌కు లైసెన్స్ కోర్ల లెక్కన కట్టాలి. ఒక సర్వర్‌కి కనీసం 16 కోర్లు లెక్కలోకి వస్తాయి. 14 కోర్ల ప్రాసెసర్లు రెండున్న పాత మెషీన్ చవగ్గా దొరికిందని తెస్తే 28 కోర్లకూ కట్టాల్సిందే. ఇలాంటి ఆఫీసుకి ఒకే ప్రాసెసర్‌తో వచ్చే కొత్త సర్వర్ మేలు. డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్260, హెచ్‌పీఈ ప్రోలయంట్ డీఎల్20 ఈ కోవలోవే. వ్యాపారమంతా ఒక పెట్టె మీద ఆధారపడినప్పుడు, బోర్డు పోయిన రోజున వచ్చి మార్చే మనిషి ఉండాలి. అందుకే ఆన్‌సైట్ వారంటీ విషయంలో బేరం ఆడొద్దు. ఆఫీసులో ర్యాకే లేకపోతే టవర్ సర్వర్ తీసుకోండి.

2. చోటు కొలవండి

ర్యాక్ సర్వర్ల ఎత్తును ‘యు’లలో కొలుస్తారు, 1యు అంటే 1.75 అంగుళాల ఎత్తు. వెడల్పు 19 అంగుళాల ర్యాక్‌కి సరిపోయేలా ఉంటుంది. చాలామంది చూడకుండా వదిలేసేది లోతు. గోడకు బిగించే నెట్‌వర్క్ ర్యాకులు మామూలుగా 450, 600 మిల్లీమీటర్ల లోతుతో వస్తాయి. డెల్ ఆర్730 లాంటి 2యు సర్వర్ వెనక కేబుళ్లతో కలిపి 700 దాటుతుంది. టేపు పెట్టి కొలిచాకే బేరానికి వెళ్లండి. రైల్ కిట్ (సర్వర్‌ని ర్యాక్‌లో బిగించే పట్టాలు) ఇస్తారో లేదో అడగండి, పాతవాటితో తరచుగా రాదు.

ఇక చప్పుడు. 1యు పెట్టెలో పట్టేవి చిన్న ఫ్యాన్లే కాబట్టి చాలా వేగంగా తిరగాలి. ఆ ఈల లాంటి మోత మూసిన తలుపు దాటి వినిపిస్తుంది. ఇంట్లోకైతే 2యునే తీసుకోండి, అది కూడా పడకగదిలో వద్దు. డెల్ సర్వర్లలో వేరే కంపెనీ పీసీఐఈ కార్డు (బోర్డు స్లాట్‌లో అదనంగా గుచ్చే కార్డు) పెడితే ఫ్యాన్లు ఒక్కసారిగా వేగం పెంచేయవచ్చు. ఆర్730లో దాన్ని ఐపీఎంఐ (సర్వర్ హార్డ్‌వేర్‌ని దూరం నుంచి నియంత్రించే పద్ధతి) కమాండ్‌తో ఆపవచ్చు.

3. కరెంటు, వేడి

ఏ పనీ లేకుండా 120 వాట్లు తీసుకునే సర్వర్ రోజంతా నడిస్తే నెలకు 86 యూనిట్లు అవుతుంది. ఇంటి మీటరుకు స్లాబులుంటాయి కదా, ఈ యూనిట్లన్నీ మీ వాడకం పైన చేరి ఖరీదైన స్లాబులో పడతాయి. మీ బిల్లులో ఆఖరి స్లాబు రేటుతో గుణించి చూసుకోండి. రెండేళ్ల కరెంటు సర్వర్ ధరను మించేలా ఉంటే, రెండు ప్రాసెసర్లలో ఒకటి తీసేసి నడపడం గురించి ఆలోచించండి. అయితే ఆర్730లో ఒక ప్రాసెసర్ తీస్తే 24 ర్యామ్ స్లాట్లలో 12 మాత్రమే పనిచేస్తాయి, కొన్ని పీసీఐఈ స్లాట్లు కూడా ఆగిపోతాయి.

తీసుకున్న ప్రతి వాట్టూ గదిలోకి వేడిగా వస్తుంది. చాలా సర్వర్లకు లోపలికి వెళ్లే గాలి 35 డిగ్రీలు దాటకూడదని తయారీదారులే చెబుతారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని పై అంతస్తు గది ఆ హద్దు సులభంగా దాటేస్తుంది. ఎండాకాలం ఆ గదిలో ఏసీ నడపలేకపోతే, సర్వర్‌ని అవసరమైనప్పుడే ఆన్ చేసే పద్ధతి పెట్టుకోండి.

ఇంటి ఇన్వర్టర్‌ని మాత్రం నమ్ముకోవద్దు. కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే సర్వర్ రీస్టార్ట్ కావచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో సర్వర్ పవర్ సప్లైలకు అసలు పడదు. ప్యూర్ సైన్ వేవ్ ఇచ్చే యూపీఎస్ కొని, యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కి కలిపి, బ్యాటరీ తగ్గగానే పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

4. ఏ తరం?

డెల్‌లో రెండో అంకె తరాన్ని చెబుతుంది. ఆర్720 (2012), ఆర్730 (2014), ఆర్740 (2017) వరుస తరాలవి. ఆర్720 ఎంత చవకైనా వద్దంటాను. అది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ కాలం నాటిది, దాని ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి లేదు. అందుకే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 దాని మీద నడవదు. నేర్చుకోవడానికే కొంటున్నప్పుడు కొత్త వెర్షన్ ఎక్కని మెషీన్ ఎందుకు? తక్కువ బడ్జెట్‌లో ఆర్730, హెచ్‌పీఈ డీఎల్380 జెన్9 సరైన ఎంపికలు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఆర్740, డీఎల్380 జెన్10.

ఈ రెండు కంపెనీల మధ్య పాత మెషీన్ కొనేవాళ్లకు ఒక తేడా ముఖ్యం. డెల్ బయాస్, ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లను సర్వీస్ ట్యాగ్ (ఆ మెషీన్ గుర్తింపు సంఖ్య) కొట్టి ఎవరైనా దించుకోవచ్చు. హెచ్‌పీఈ చాలావాటికి వారంటీ గానీ సపోర్ట్ కాంట్రాక్ట్ గానీ అడుగుతుంది.

5. ర్యామ్, డిస్కులు

సర్వర్లలో వాడే, తప్పులను తనే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్‌లో రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ రకాలను కలిపి వాడలేం. ఆర్730లో ఒక్కో ప్రాసెసర్‌కి ర్యామ్‌తో మాట్లాడే దారులు (ఛానెళ్లు) నాలుగు, కాబట్టి ర్యామ్‌ని నాలుగేసి స్టిక్కులుగా కొనండి.

డిస్కులను కలపడానికి సాస్ (సర్వర్లలో వాడేది), సాటా (మామూలు పీసీల్లో వాడేది) అని రెండు రకాలున్నాయి. సాస్ కంట్రోలర్‌కి సాటా డిస్కు పెట్టవచ్చు, సాటా పోర్టుకి సాస్ డిస్కు పనికిరాదు. జెడ్ఎఫ్ఎస్ (డిస్కులను తనే చూసుకునే ఫైల్ సిస్టమ్) వాడేవాళ్లకు డిస్కులను నేరుగా చూపించే హెచ్‌బీఏ మోడ్ కావాలి. ఆర్730లో పెట్టే పెర్క్ హెచ్730 అనే డెల్ డిస్క్ కంట్రోలర్‌లో అది ఉంది. డిస్కు ట్రేలు ఎన్ని ఇస్తున్నారో లెక్కపెట్టుకోండి. రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను జోడించే పద్ధతి) పెట్టాం కదా అని బ్యాకప్ మానొద్దు. పొరపాటున డిలీట్ చేసిన ఫైలును, రాన్సమ్‌వేర్ పట్టిన ఫైలును రెయిడ్ వెనక్కి తేలేదు.

6. కొనేటప్పుడు, తెచ్చాక

సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందు అడగాల్సింది సర్వర్‌ని దూరం నుంచి నడిపించే ఐడ్రాక్ ఎంటర్‌ప్రైజ్ (డెల్) లేదా ఐలో అడ్వాన్స్‌డ్ (హెచ్‌పీఈ) లైసెన్స్ ఉందా అని. అది ఉంటే మానిటర్ లేకుండా ఇంకో గది నుంచే సర్వర్ స్క్రీన్ చూస్తూ ఓఎస్ ఎక్కించుకోవచ్చు. దుకాణంలోనే ఆన్ చేయించి హార్డ్‌వేర్ లాగ్ చూడండి, పాత మెమరీ ఎర్రర్లు అందులో కనబడతాయి. రెండు పవర్ సప్లైలనూ ఒక్కొక్కటిగా లాగి, సర్వర్ ఆగకుండా నడుస్తోందో లేదో గమనించండి.

ఇంటికి తెచ్చాక ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లను నడిపే ఓఎస్) ఎక్కించే ముందు ఐడ్రాక్ లేదా ఐలో పాస్‌వర్డ్ మార్చి, దాని పోర్టును ఇంటర్నెట్‌కి తెరవకుండా ఉంచండి. ఒక రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి, డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రీడింగులు చూడండి. ఏ లోపం బయటపడినా, వాపసు గడువు ముగిసేలోపు రీడింగుల ఫొటోలతో సహా అమ్మినవాళ్లకు పంపండి.