మంచుకాలం ఇంటి పనులు – 3వ పాఠం: స్నోబ్లోయర్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో మీ డ్రైవ్‌వే (రోడ్డు నుంచి గ్యారేజ్‌దాకా కారు వచ్చే దారి) పొడవు, వెడల్పు టేపుతో కొలిచి రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకుని, ఆ దారి మీది మంచును తీసి దూరంగా విసిరే మిషన్, అంటే స్నోబ్లోయర్, గురించిన ఈ పాఠం చదవండి.

మనం లెక్కలోకి తీసుకుంటున్నది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో, సిరక్యూజ్ వైపు మంచు. చల్లగాలి ఈరీ, ఒంటారియో సరస్సుల మీదుగా వీస్తూ నీటి ఆవిరిని పోగుచేసుకుని ఒడ్డున కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో బఫెలోకు దక్షిణాన ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుపానులోనే ఆరడుగులకు పైగా పడింది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి, టెక్సాస్‌లో నాలుగేళ్ళుండి, ఇక్కడ తొలి ఇల్లు కొనుక్కున్నవాళ్ళకు ఆ పరిమాణం ఊహకు అందదు. అందుకే ముందు బరువు లెక్క చూద్దాం.

డ్రైవ్‌వే 50 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకోండి. అంటే 1,000 చదరపు అడుగులు. మామూలు తాజా మంచు పది అంగుళాలు కరిగితే దాదాపు ఒక అంగుళం నీళ్ళవుతాయి. ఒక చదరపు అడుగు మీద ఒక అంగుళం నీళ్ళు 5.2 పౌండ్లు. మొత్తం 5,200 పౌండ్లు, అంటే 2,300 కిలోలకు పైమాటే. అదే సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర పడే తడి మంచయితే ఇంతకు రెట్టింపు ఉండొచ్చు. పారతో ఎత్తిపోయాల్సిన బరువు ఇది. నలభై దాటినవాళ్ళు, గుండె సమస్య ఉన్నవాళ్ళు దీన్ని వ్యాయామం కింద తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అయితే మిషన్‌ను ఎంచుకోవాల్సింది ఈ లెక్కను బట్టి మాత్రమే కాదు. అసలు పరీక్ష డ్రైవ్‌వే చివర, రోడ్డు కలిసే చోట ఉంటుంది. మంచును పక్కకు నెట్టే ప్లౌ ట్రక్కు రోడ్డును శుభ్రం చేస్తూ, అక్కడిదాకా తోసుకొచ్చిన మంచునంతా మీ వాకిట్లో గట్టులా వదిలి పోతుంది. అది పైనుంచి రాలిన మెత్తటి మంచు కాదు. ఉప్పు కలిసిన బురద, టైర్ల కింద నలిగిన మంచుగడ్డలు, ఒక్కోసారి రాళ్ళు కూడా ఉంటాయి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సిమెంటు దిమ్మలా బిగుసుకుపోతుంది. ఆ గట్టును తవ్వగల మిషన్ ఏదో చూసుకుంటే, మిగతా డ్రైవ్‌వే అది సులువుగా తీసేస్తుంది.

సింగిల్ స్టేజ్ మిషన్‌లో ముందు తిరిగే రబ్బరు రెక్కలే మంచును లాగుతాయి, అవే విసురుతాయి. నేలను తాకుతూ పోతాయి కాబట్టి తారు, కాంక్రీటు మీద చాలా శుభ్రంగా తీస్తాయి. తేలికగా ఉంటుంది, గ్యారేజ్‌లో మూలకు సర్దుకుంటుంది. ఆరేడు అంగుళాల పొడి మంచుకు బంగారం లాంటి మిషన్. ప్లౌ గట్టు ఎదురైతే మాత్రం రెక్కలు పైకి ఎక్కేస్తాయి, తవ్వలేవు. కంకర డ్రైవ్‌వే మీద అసలు వాడకూడదు. రాళ్ళు ఎగిరి పక్కింటి కారు అద్దాలకు తగులుతాయి.

టూ స్టేజ్‌లో పని రెండుగా విడిపోతుంది. ముందున్న ఇనుప ఆగర్ (మరలా మెలి తిరిగిన రెక్క) మంచును తవ్వి, ముక్కలు చేసి మధ్యకు నెడుతుంది. దాని వెనుక వేగంగా తిరిగే ఇంపెల్లర్ అనే ఫ్యాన్ లాంటి చక్రం ఆ ముక్కలను చ్యూట్ అనే గొట్టం గుండా దూరంగా విసురుతుంది. 1925లో కెనడాలోని క్విబెక్‌లో ఆర్తర్ సికార్డ్ తయారుచేసిన మంచు విసిరే యంత్రంలోనూ తవ్వే భాగం, విసిరే భాగం వేరువేరుగానే ఉండేవి. టూ స్టేజ్‌లో చక్రాలు ఇంజన్‌తో తిరుగుతాయి కాబట్టి మిషన్ తనంతట తానే నడుస్తుంది. కింద రెండు పక్కలా ఉండే స్కిడ్ షూస్ అనే జారుడు పట్టీలను కిందికి దించి బిగిస్తే ముందుభాగం నేలకు కాస్త ఎత్తున నిలుస్తుంది, కంకర మీద కూడా నడిపించొచ్చు. సరస్సుల ఒడ్డున సొంతిల్లు ఉన్నవాళ్ళకు నా సలహా ఇదే, టూ స్టేజ్ తీసుకోండి.

వెడల్పు దగ్గర చాలామంది పొరబడతారు. 20 అడుగులంటే 240 అంగుళాలు. 24 అంగుళాల మిషన్‌తో పది వరసలు, 28తో తొమ్మిది. ఒక్క వరస కోసం బరువైన మిషన్‌ను మలుపు తిప్పలేక అవస్థ పడటం దేనికి? అంతకంటే ఇంజన్ బలం, ముందుభాగం ఎత్తు చూడండి. ఎత్తు 20 అంగుళాలకు తగ్గకూడదు. హ్యాండిల్ దగ్గర ట్రిగ్గర్ నొక్కితే ఆ వైపు చక్రానికి ఇంజన్ పట్టు వదిలి, మలుపు సులువయ్యే స్టీరింగ్ ఉంటే ఇంకొంచెం డబ్బు పెట్టినా ఫర్వాలేదు. ఇంట్లో మీరొక్కరే కాదు, మీ ఆవిడో మీ వారో కూడా దాన్ని తిప్పాల్సి రావచ్చు.

ఇప్పుడు ఒక చిన్న బోల్టు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆగర్‌ను దాని ఇరుసుకు బిగించేది షియర్ పిన్. మంచులో గడ్డకట్టిన న్యూస్‌పేపరో, తాడో, రాయో ఆగర్‌లో ఇరుక్కుంటే ఈ పిన్ పుటుక్కున విరుగుతుంది. ఆ వైపు ఆగర్ ఆగిపోతుంది, గేర్‌బాక్స్ మాత్రం క్షేమంగా ఉంటుంది. విరగడమే దాని ఉద్యోగం. ఇంట్లో ఉన్న గట్టి బోల్టు ఏదో బిగించేశారనుకోండి, ఈసారి విరిగేది గేర్‌బాక్స్. అందుకే మిషన్ కొన్నరోజే దాని మోడల్‌కు సరిపోయే పిన్‌లు నాలుగైదు కొనుక్కుని హ్యాండిల్‌కు కట్టి ఉంచండి. తుపాను రోజు షాపులు తెరిచి ఉండవు.

ఎలక్ట్రిక్ స్టార్ట్ అని రాసి ఉంటే లోపల బ్యాటరీ ఉందనుకోకండి. చాలా పెట్రోలు మోడళ్ళలో 120 వోల్టుల వైరు గోడ ప్లగ్గుకు పెట్టి స్టార్ట్ చేయాలి. గ్యారేజ్ తలుపు దగ్గర ప్లగ్గు ఉందో లేదో చూసుకోండి. మిషన్‌ను బయటికి తెచ్చాకే స్టార్ట్ చేయాలి. తలుపు తెరిచి ఉన్నా సరే, గ్యారేజ్‌లో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది.

బ్యాటరీతో నడిచేవి టౌన్‌హౌస్‌ల వాళ్ళకు, చిన్న డ్రైవ్‌వేలకు బాగుంటాయి. పొగ లేదు, పెట్రోలు పాడవుతుందన్న టెన్షన్ లేదు. చలికి ఛార్జి త్వరగా దిగిపోతుంది కాబట్టి బ్యాటరీలను ఇంట్లోనే ఉంచి, ఇంట్లోనే ఛార్జ్ చేయాలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే చెడిపోతుంది.

షాపులో మిషన్ చూసేటప్పుడు చ్యూట్ శుభ్రం చేసే ప్లాస్టిక్ కర్ర ఉందా అని అడగండి. తడి మంచు చ్యూట్‌లో ఇరుక్కోవడం మామూలే. అప్పుడు చెయ్యి మాత్రం పెట్టకండి. ఇంజన్ ఆపేశాక కూడా ఇంపెల్లర్‌లో బిగువు మిగిలి ఉంటుంది. ఇరుక్కున్న గడ్డ ఊడగానే అది ఒక్కసారి గిర్రున తిరుగుతుంది, వేళ్ళు తెగిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే. ఇంజన్ ఆపండి, అన్నీ ఆగేదాకా చూడండి, కర్రతోనే తీయండి. ఇంట్లో పిల్లలకు, ఊరినుంచి వచ్చి సాయం చేయబోయే నాన్నగారికి కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

కొనే చోటు విషయానికొస్తే, రిపేరు కూడా చేసే డీలరును వెతకండి. మొదటి తుపాను తర్వాత రిపేరుకు పెద్ద క్యూ ఉంటుంది, తన దగ్గర కొన్నవాళ్ళనే ముందు చూసే డీలర్లు ఉన్నారు. సెప్టెంబరు, అక్టోబరులోనే కొనేస్తే నచ్చిన మోడల్ దొరుకుతుంది.

ఈ వారం పని: డ్రైవ్‌వే కొలతల పక్కన మూడు విషయాలు రాయండి. నేల తారా, కాంక్రీటా, కంకరా. గ్యారేజ్‌లో కారు పక్కన మిగిలే ఖాళీ ఎన్ని అంగుళాలు. మంచును ఏ వైపు విసరగలరు. రోడ్డు మీదికి విసరడం చాలా ఊళ్ళలో చట్టవిరుద్ధం. 4వ పాఠంలో ఆయిలు పోయడం, స్టార్ట్ చేయడం, గాలి వాటం చూసుకుని వరసలు వేయడం నేర్చుకుందాం.