పైరోఫోరిక్ రసాయనాలు: సీలు విప్పే ముందే తేల్చుకోవలసినవి

నిప్పురవ్వ అవసరం లేకుండా, గాలి తగిలిన ఐదు నిమిషాల్లోపు తనంతట తానే అంటుకునే ద్రవాన్ని లేదా ఘనపదార్థాన్ని పైరోఫోరిక్‌గా వర్గీకరిస్తారు. వాయువుల విషయంలో 54 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రత వద్ద గాలిలో మండటమే కొలమానం. పాలిమర్ ప్లాంట్లలో వాడే ట్రైఇథైల్ అల్యూమినియం, ఔషధ పరిశ్రమలోని బ్యూటైల్ లిథియం, సెమీకండక్టర్ తయారీలోని సైలేన్ ఈ కోవలోవే. నిండు డ్రమ్ము దగ్గర అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఏమరుపాటు వచ్చేది ఖాళీ అయిందనుకున్న పాత్ర, వాడేసిన సూది, ఫిల్టర్‌పై మిగిలిన ముద్ద దగ్గర. అందుకే పని ప్రణాళికను చివరి నుంచి మొదటికి రాసుకోవాలి. మిగులును ఎలా, ఎక్కడ, ఎవరు నిర్వీర్యం చేస్తారో తేలనిదే సీలు విప్పకూడదు.

నిల్వకు ఒకే సూత్రం అన్నింటికీ పనికిరాదు. తెల్ల భాస్వరాన్ని నీటి అడుగున ఉంచుతారు. అదే నీరు ట్రైఇథైల్ అల్యూమినియానికి తగిలితే చర్య తీవ్రంగా సాగి, మండే ఈథేన్ వాయువు వెలువడుతుంది. ఇలాంటి ఆల్కైల్ సమ్మేళనాలను తేమలేని నైట్రోజన్ లేదా ఆర్గాన్ కింద భద్రపరచాలి. లిథియం లోహానికి మాత్రం ఆర్గానే వాడాలి, ఎందుకంటే అది సాధారణ ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్‌తో చర్య జరుపుతుంది. బ్యూటైల్ లిథియం ద్రావణం వెచ్చని గదిలో నెమ్మదిగా విచ్ఛిన్నమై బ్యూటీన్ వాయువును వెలువరిస్తుంది కనుక దానికి చల్లని చోటు అవసరం; సీసా విప్పిన తేదీ లేబుల్‌పై ఉండి తీరాలి. నూనెలో ఉంచినా, పాత పొటాషియంపై పసుపు లేదా నారింజ రంగు పొర కనిపిస్తే అది సూపరాక్సైడ్ (రాపిడికి పేలగల ఆక్సిజన్ సమ్మేళనం) కావచ్చు. దాన్ని కోయడానికి గాని గీకడానికి గాని ప్రయత్నించకుండా నిపుణులకు అప్పగించాలి.

పెద్ద పరిమాణాలను మూసివున్న పైపుల ద్వారా, లీకు పరీక్ష చేసి, నైట్రోజన్‌తో గాలిని పూర్తిగా వెళ్లగొట్టాకే బదిలీ చేయాలి. సిరంజిని చిన్న మోతాదులకే పరిమితం చేసి, సగానికి మించి నింపకూడదు. 2008 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లోని ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో టెర్షియరీ బ్యూటైల్ లిథియం తీస్తుండగా సిరంజి నుంచి ప్లంజర్ (వెనక్కి లాగే కడ్డీ) ఊడిపోయి, ల్యాబ్ కోటు వేసుకోని పరిశోధకురాలి స్వెటర్‌కు మంటలు అంటుకున్నాయి. ఆమె 18 రోజుల తర్వాత మరణించారు. సింథటిక్ దుస్తులను గేటు దగ్గరే ఆపడం, నిప్పును తట్టుకునే కోటును తప్పనిసరి చేయడం అతిజాగ్రత్త కాదు.

అసలు ఓర్పు కావలసింది పని ముగిశాకే. పైపులో మిగిలినదాన్ని తేమలేని హెప్టేన్ అనే ద్రావణితో కడిగి, మిగులును నిర్వీర్యం చేసే క్వెంచ్ పాత్రలోకి పంపాలి. అక్కడ నైట్రోజన్ కింద, చల్లబరుస్తూ, కలియబెడుతూ, హెప్టేన్‌లో పలుచన చేసిన ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌ను చుక్కచుక్కగా చేర్చాలి. చర్య నెమ్మదించాక మెథనాల్, చిట్టచివర నీరు. ఆల్కహాల్ పోస్తున్నా ఉష్ణోగ్రత పెరగడం లేదంటే చర్య ముగిసిందని సంబరపడకూడదు. కలియబెట్టే స్టిర్రర్ ఆగిపోయి ఉండవచ్చు, అప్పుడు దాన్ని తిరిగి తిప్పగానే పేరుకున్నదంతా ఒక్కసారిగా చర్య జరుపుతుంది. హైడ్రోజనేషన్ (హైడ్రోజన్‌ను చేర్చే చర్య) తర్వాత, అందులో ఉత్ప్రేరకంగా వాడిన రేనీ నికెల్ లేదా పల్లాడియం కార్బన్‌ను వడకట్టేటప్పుడు, ముందుగా హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో తొలగించాలి. ముద్ద ఆరేదాకా వాక్యూమ్‌తో గాలి లాగనివ్వకుండా, కడిగిన వెంటనే నీటితో తడిపి, మూత ఉన్న లోహపు డబ్బాలోకి మార్చాలి. తుడిచిన కాగితం, వాడిన చేతి తొడుగులు కూడా ఆ డబ్బాకే చెందుతాయి, మామూలు చెత్తబుట్టకు కాదు.

ఆల్కైల్ అల్యూమినియం మంటలపై నీటిని, కార్బన్ డయాక్సైడ్‌ను వాడకూడదు. డ్రై కెమికల్ పౌడర్ లేదా పొడి ఇసుక సిద్ధంగా ఉండాలి. సైలేన్ మండుతుంటే ముందు వాల్వు మూయాలి, ఎందుకంటే వాయువు ఆగకుండా మంటను మాత్రమే ఆర్పితే అది పేరుకుని పేలుతుంది. అయితే ఒంటిమీది దుస్తులు అంటుకున్నప్పుడు నీటిని చూసి సంకోచించకుండా వెంటనే సేఫ్టీ షవర్ కిందకు వెళ్లి, నీరు ధారగా పడుతుండగానే దుస్తులు తీసేయాలి.