ఔటై వచ్చిన కుర్రాణ్ణి బెంచీ మీద వదిలేయకండి

గుంటూరులో నా దగ్గరికి బేస్‌బాల్ నేర్చుకోవడానికొచ్చే పిల్లలంతా క్రికెట్ ఆడినవాళ్లే. చెయ్యి బాగుంటుంది, బంతి మీద చూపు ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే. సందులో ఆడే క్రికెట్లో ఔటైతే ఆ పూటకి బ్యాటింగ్ అయిపోయినట్టే, పోయి ఓ మూల కూర్చుంటారు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. తొమ్మిదిమందీ వరసగా తిరుగుతూనే ఉంటారు. ఇప్పుడు ఔటైనవాడికి కాసేపటికి మళ్లీ వంతు వస్తుంది. ఈలోగా గ్లవ్ తగిలించుకుని ఫీల్డింగ్‌కీ వెళ్లాలి. స్కూలు జట్టుకో కాలేజీ జట్టుకో కొత్తగా మేనేజరైనవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే: మీ అసలు పని ఆ కాసేపట్లోనే ఉంది.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఒక మ్యాచ్‌లో మూడు బేసుల మీదా మావాళ్లే ఉన్నారు, ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడూ ఔటైతే మా బ్యాటింగ్ వంతు ముగిసి ఫీల్డింగ్‌కి వెళ్లాలి. మా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు), తొమ్మిదో తరగతి కుర్రాడు, మూడో స్ట్రైక్‌కీ బ్యాటు తగిలించలేకపోయాడు. మూడు స్ట్రైకులైతే ఔటే. తిరిగొస్తుంటే "మోకాళ్ల కిందకొచ్చిన బంతికి ఆ ఊపుడేంట్రా!" అని అందరి ముందూ అరిచాను. తల దించుకుని గ్లవ్ తీసుకెళ్లాడు. అవతలివాళ్లు కొట్టిన మొదటి బంతే అతని మీదికి వచ్చింది. నిద్రలో లేపి కొట్టినా పట్టే బంతి అది. మోకాళ్లు వంచలేదు. కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. వాడు వెనక్కి తిరిగి బంతి వైపు చూడలేదు, నా వైపు చూశాడు. స్కోరుబుక్కులో ఆ తప్పు వాడి పేరునే పడింది. చేసింది మాత్రం నేను.

అప్పట్నుంచి ఎవడు ఔటై వస్తున్నా లేచి నాలుగడుగులు ఎదురెళ్తున్నాను. నీళ్ల సీసా చేతికిస్తాను. తాగి మూత పెట్టేదాకా నోరు విప్పను. ఆ తర్వాత ఒకే ప్రశ్న.

"అబ్బాయ్, ఆ చివరి బంతి ఎక్కడికొచ్చింది?"

"కిందకి సార్. బయటికి."

"మళ్లీ అదే వేస్తే?"

"వదిలేస్తా సార్."

అక్కడితో ఆపేయండి. మోచేయి, నడుం, పాదం సంగతులు రేపు ప్రాక్టీసులో చూసుకోవచ్చు. ఆట మధ్యలో నాలుగు సవరణలు చెబితే, ఆ నాలుగూ గుర్తు తెచ్చుకునే పనిలో కుర్రాడు బంతిని చూడడం మానేస్తాడు. వాడి గ్లవ్ మాత్రం మీరే తీసి అందించండి.

ఒక్కోసారి "తెలీదు సార్" అంటాడు. అంటే కళ్లు మూసుకున్నాడని అర్థం. ఈ భయానికి కారణం ఉంది. క్రికెట్లో నేల తాకకుండా నడుముకి పైన వస్తే నోబాల్. ఇక్కడ మామూలుగా బంతి నేల తాకకుండానే వస్తుంది. పైగా పిచర్, అంటే బంతి వేసేవాడు, నిలబడే పలక నుంచి బ్యాటర్ ముందుండే హోమ్‌ప్లేట్‌కి 18.44 మీటర్లే, క్రికెట్ పిచ్ కంటే తక్కువ. అలాంటివాణ్ణి తిట్టి లాభం లేదు. మర్నాడు పొద్దున్నే హెల్మెట్ పెట్టించి, దగ్గర నుంచి టెన్నిస్ బంతులు వెయ్యండి. కొట్టొద్దనండి. వచ్చిన ప్రతి బంతినీ వెనకుండే క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా చూసి, పైనా కిందా లోపలా బయటా అని అరిచి చెప్పమనండి. వారం రోజుల్లో కళ్లు తెరుచుకోవడం నేను చూశాను.

తల్లిదండ్రులతోనూ ముందే మాట్లాడుకోవాలి. గుంటూరు, విజయవాడ ర్యాంకుల ఊళ్లు. పదికి మూడొస్తే ఇంట్లో ఊరుకోరు. ఈ ఆటలో పదిసార్లకి మూడు హిట్లు కొట్టేవాణ్ణి మంచి బ్యాటర్ అంటారు. అమెరికా ఆటగాడు టెడ్ విలియమ్స్ 1941లో .406 సగటు సాధిస్తే ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అంటే పదింటికి దాదాపు ఆరుసార్లు ఆయనా హిట్ లేకుండానే వెనక్కొచ్చాడు. ఓడిన రోజు పిల్లలకి కోనీ మాక్ అనే ఆయన గురించి చెప్తాను. 1901 నుంచి 1950 దాకా ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ని నడిపిన మేనేజర్. సూటు వేసుకుని బెంచీ మీద కూర్చుని, చేతిలో స్కోరుకార్డు ఊపుతూ ఫీల్డర్లని అటూ ఇటూ జరిపేవాడు. అమెరికాలో పెద్ద స్థాయి పోటీలైన మేజర్ లీగుల్లో మేనేజర్‌గా ఆయన గెలుపులు 3,731, ఓటములు 3,948. ఏ మేనేజర్‌కీ అన్ని గెలుపులూ లేవు, అన్ని ఓటములూ లేవు. అయిదుసార్లు ఆ లీగుల ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా ఆయనే.

శాక్రిఫైస్ బంట్ గురించి ఒక్కమాట. బ్యాటు ఊపకుండా బంతిని మెల్లగా తాకించి, తాను ఔటవుతూ ముందున్న రన్నర్‌ని తర్వాతి బేస్‌కి చేర్చడం అది. సగటు లెక్కలో ఆ వంతు పడదు కాబట్టి కుర్రాడికి నష్టం లేదు. కానీ చూసేవాళ్లు చప్పట్లు కొట్టరు. అందుకే మా దగ్గర బంట్ చేసి వచ్చినవాడికి బెంచీ అంతా లేచి నిలబడుతుంది.

ఇక పిచర్ భుజం. దీని మీద మాత్రం ఎవరి మాటా వినకండి, ఆ కుర్రాడి మాట కూడా. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ నిబంధనల్లో 13 నుంచి 16 ఏళ్లవాళ్లు రోజుకి వేయగలిగేది 95 బంతులే. 14 ఏళ్లు, అంతకు లోపువాళ్లు 66 వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. మన మ్యాచ్‌ల్లో ఆ లెక్క వేరెవరో పెడతారనుకోవద్దు. నోటుబుక్కులో అయిదేసి గీతలు మీరే గీసుకోండి. "నొప్పి లేదు సార్, ఇంకో ఇన్నింగ్స్ వేస్తా" అంటాడు. ఫైనల్లో కూడా అంటాడు. దింపేయండి. మే నెలలో మన ఎండకి ప్రాక్టీసు అయిదున్నరకే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి.

చివరిగా బ్యాటింగ్ వరస. ఓడిపోయిన రాత్రి రాయకండి, కోపం రాసేస్తుంది. నేను ఆ షార్ట్‌స్టాప్ కుర్రాడి పేరు ఆ రాత్రే తొమ్మిదో చోటుకి దించి, పొద్దున కొట్టేసి మళ్లీ రాశాను. కాగితం గోడకి అంటిస్తుంటే వెనకొచ్చి నిలబడ్డాడు.

"సార్, నేను అయిదోవాణ్ణేనా?"

"అయిదోవాడివే. గ్లవ్ తెచ్చావా?"

వెనక దాచుకున్న చెయ్యి ముందుకి తీశాడు. అప్పటికే తొడుక్కుని ఉన్నాడు.