తోటి విద్యార్థి సంస్మరణ: సభకు ముందు, సభలో, ఆ తర్వాత

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో గాని, విజయనగరం జేఎన్‌టీయూలో గాని చదువుకుంటున్న విద్యార్థి మరణించినప్పుడు, స్నేహితులు మర్నాడే ఫ్లెక్సీ కట్టి, కొవ్వొత్తులు వెలిగించాలని ఆత్రపడతారు. దుఃఖంలో పుట్టిన ఆ ఆత్రాన్ని తప్పుపట్టలేం గాని, ముందు చేయవలసింది ఇంటివారిని కలవడం. ఆ ఇంటికి అలవాటైన ఇద్దరు స్నేహితులు, ఒక అధ్యాపకుడు ఊరికి వెళ్లి, పెద్దకర్మ ముగిసిన తర్వాతే సభ సంగతి ఎత్తాలి. "మీకు ఇష్టమైతేనే పెట్టుకుంటామండీ, ఫొటో కూడా మీరిచ్చిందే వాడతాం" అని అడిగితే చాలు. వద్దంటే అంతటితో ఆగిపోవాలి.

ఇంతకన్నా అవసరమైన పని ఇంకొకటి ఉంటుంది. చేరేటప్పుడు ఇచ్చిన పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు, హాస్టల్‌కు కట్టిన డిపాజిట్, గదిలో మిగిలిన పెట్టె, పుస్తకాల కోసం తల్లిదండ్రులు కార్యాలయాల చుట్టూ తిరగకుండా, స్నేహితులే దరఖాస్తు రాసి, వారిచేత సంతకం మాత్రం పెట్టించి, అన్నీ ఒకేసారి అందేలా చూడాలి. నా దృష్టిలో సభకన్నా ఇదే పెద్ద సంస్మరణ. రికార్డు పుస్తకాల వెనుక పేజీల్లోని గీతలను, చిత్తు లెక్కలను పనికిరానివని పారేయకూడదు. డైరీ ఉంటే తెరవకుండా ఇచ్చేయాలి.

సభను గంటకు మించనివ్వకుండా, ఇచ్ఛాపురం, పలాస వైపు వెళ్లేవారు ఆమదాలవలసలో రైలు అందుకోగలిగే వేళకు ముగించాలి. ఒకచోట నేను చూసిన సభలో వేదికమీది అతిథుల పేర్లు చదవడానికే పావుగంట పట్టింది, పోయిన అమ్మాయి ఇంటిపేరు మాత్రం ఫ్లెక్సీపై తప్పుగా పడింది. అందుచేత అచ్చుకిచ్చే ముందు పేరును ఇంటివారికి చూపించాలి. మాట్లాడేవారు "చాలా మంచివాడు" అని ఊరుకోకుండా, పరీక్ష ముందురోజు రాత్రి ఎవరికి ఏ పాఠం చెప్పాడో, మెస్‌లో ఏ కూర వడ్డిస్తే లేచిపోయేవాడో, అలాంటి సంగతి ఒక్కటి చెప్పాలి. కన్నవారికి తెలియని బిడ్డ అక్కడే కనబడతాడు.

మరణం ఆత్మహత్య అయితే ఎలా జరిగిందన్నది వర్ణించకూడదు, ఎందుకన్నది ఊహించకూడదు, దాన్ని త్యాగంగా పొగడకూడదు. వినేవారిలో అదే ఆలోచనతో సతమతమయ్యేవారు ఉండవచ్చు. తెలుగులోనూ మాట్లాడే ఉచిత సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను సభలో చదివి వినిపించాలి.

చందాలు పోగైతే శిలాఫలకం కన్నా బహుమతి మేలు. 50,000 రూపాయలను విశ్వవిద్యాలయం పేరిట డిపాజిట్ చేస్తే, 6 శాతం వడ్డీ లెక్కన ఏటా 3,000 రూపాయలు వస్తాయి. ఆ విద్యార్థి ఇష్టపడిన సబ్జెక్టులో ఒకరికి పుస్తకాలు కొనివ్వడానికి అది సరిపోతుంది. షరతులను రాతపూర్వకంగా రిజిస్ట్రారు కార్యాలయానికి ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోవాలి. పోయినవారు కథ రాసి ఏ పత్రికలోనైనా అచ్చయి ఉంటే, ఆ సంచికను శ్రీకాకుళంలోని కథానిలయానికి అందజేయవచ్చు. తెలుగు కథలను భద్రపరచడానికే కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దాన్ని నెలకొల్పారు.

సంవత్సరీకం వచ్చేసరికి తోటివారిలో చాలామంది ఉద్యోగాలకని విశాఖ, హైదరాబాదు చేరిపోతారు కాబట్టి, ఆ రోజు ఊరికి వెళ్లివచ్చే పనిని దగ్గరలో ఉండే ఒకరికి ఇప్పుడే అప్పగించి, ఇంటివారి ఫోన్ నంబరును కనీసం ముగ్గురు రాసిపెట్టుకోవాలి.