ఇంటి వంశవృక్షం చదవడం, 3వ పాఠం: ఒకే సికిల్‌సెల్, అన్నదమ్ములిద్దరికీ వేరువేరుగా ఎందుకు?

సికిల్‌సెల్ అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్తపు జబ్బు, అమ్మానాన్నల నుంచి పిల్లలకు దిగుతుంది. పోయిన రెండు పాఠాల్లో దాన్ని వంశవృక్షంలో గీయడానికి గుర్తులు నేర్చుకున్నాం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, పెళ్లికి అడ్డగీత, మేనరికమైతే జంట అడ్డగీత, చనిపోయిన వాళ్ల మీద ఏటవాలు గీత. ఎస్ఎస్ (అమ్మానాన్నలిద్దరి నుంచీ జబ్బు జన్యువు ఎస్ వచ్చి, జబ్బు ఉన్నవాళ్లు) రిపోర్టు ఉంటే బొమ్మ మొత్తం నింపాలి, ఏఎస్ (ఒకరి నుంచే ఎస్ వచ్చి, జబ్బు లేకుండా దాన్ని మోసేవాళ్లు) అయితే సగం, ఏఏ (ఎస్ లేనివాళ్లు) అయితే ఖాళీగా వదిలేయాలి, పరీక్షే చేయించుకోని వాళ్లకు ప్రశ్న గుర్తు. ఈ పాటికి మీ కాగితం మీద కనీసం మూడు తరాలు ఉండాలి. మహారాష్ట్ర అంచున సిరొంచ, అంకీస, అసరెల్లి వైపు వాళ్లకు ఇది అంత సులువు కాదని తెలుసు, ఎందుకంటే మేనత్త ప్రాణహిత నది అవతల తెలంగాణలో కోటపల్లి దగ్గర ఉంటుంది, పెద్దమ్మను ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చి ఉంటారు, ఒకరి రిపోర్టు మరాఠీలో, ఇంకొకరిది హిందీలో, మరొకరిది తెలుగులో ఉంటుంది. భాష ఏదైనా మనకు కావాల్సింది ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ అన్న అక్షరాలే. మరాఠీ కార్డు మీద 'వాహక్' అని ఉంటే అది ఏఎస్. ఇవి బ్లడ్ గ్రూపులు కావు, ఏ పాజిటివ్, ఓ నెగెటివ్ పక్కన పెట్టి కలిపేయకండి.

ఈ రోజు గీసినదాన్ని చదవడం నేర్చుకుందాం. దానికోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నాన్న, అమ్మ, ముగ్గురు పిల్లలు. అమ్మానాన్నలది మేనరికం, అంటే నాన్న తన సొంత మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. పెద్దబ్బాయి ఎస్ఎస్, చిన్నబ్బాయి ఎస్ఎస్. మధ్యలో అమ్మాయి, ఆరోగ్యంగా ఉంది, పరీక్ష మాత్రం కాలేదు. అమ్మానాన్నలకూ పరీక్ష కాలేదు. పెద్దబ్బాయి ఏడాదిలో ఎన్నోసార్లు ఒళ్లునొప్పులతో ఆస్పత్రి పాలవుతాడు, చిన్నవాడు మాత్రం చాలావరకు బాగానే తిరుగుతాడు.

మొదట కింది నుంచి పైకి చదవండి, ఇది అలవాటు చేసుకోవాలి. ఎస్ఎస్ పిల్లవాడికి ఒక ఎస్ నాన్న నుంచి, ఒక ఎస్ అమ్మ నుంచి వస్తుంది, ఇంకో దారి లేదు. కాబట్టి అమ్మానాన్నలకు పరీక్ష కాకపోయినా ఇద్దరిలోనూ ఎస్ ఉన్నట్టే, ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టి ఇద్దరూ ఏఎస్ అన్నమాట. ప్రశ్న గుర్తులు కొట్టేసి రెండు బొమ్మలూ సగం సగం నింపండి. ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కండి. నాన్నకు ఎస్ తన అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చింది, అమ్మకు కూడా అంతే. నాన్నను కన్న నాయనమ్మ, అమ్మను కన్న తాతయ్య ఇక్కడ అక్కాతమ్ముళ్లు కదా, ఒకే ముత్తాత దగ్గరో ముత్తవ్వ దగ్గరో ఉన్న ఎస్ ఈ ఇద్దరి ద్వారా రెండు దారుల్లో దిగి మళ్లీ ఒకే ఇంట్లో కలిసిందని చెప్పడానికి చాలా అవకాశం ఉంది. అయినా ఇది ఊహే, పెన్సిల్‌తో లేతగా నింపండి, పెన్నుతో కాదు. మన ప్రాంతంలో ఎస్ చాలా కుటుంబాల్లో ఉంది, గోండు, మాడియా, ప్రధాన్ ఇళ్లలోనే కాదు, దళిత, బీసీ ఇళ్లలోనూ ఉంది, కాబట్టి మేనరికం లేని పెళ్లిలో కూడా రెండు ఎస్‌లు కలవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బిడ్డకు జబ్బు బయటపడగానే చాలా ఇళ్లలో కోడలి వైపు వేలు చూపిస్తారు, మీ వాళ్ల రక్తమే అలాంటిది అంటారు. మీరు గీసిన కాగితమే దానికి జవాబు, రెండు వైపుల నుంచీ రాకుండా ఎస్ఎస్ పుట్టడం జరగదు. అత్తగారి ముందు ఆ కాగితం పెట్టి వేలితో గీత వెంట చూపించండి.

ఇప్పుడు పైనుంచి కిందికి. ఏఎస్, ఏఎస్ దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డ ఎస్ఎస్ కావడానికి 4లో 1 వంతు, ఏఎస్ కావడానికి 4లో 2 వంతులు, ఏఏ కావడానికి 4లో 1 వంతు అవకాశం. ప్రతి కాన్పులోనూ అన్న మాట ముఖ్యం. గవ్వలు ప్రతిసారీ కొత్తగా విసిరినట్టే, పోయినసారి ఏం పడిందో గవ్వలకు గుర్తుండదు. ఒక బిడ్డకు వచ్చేసింది కాబట్టి ఇక ముగ్గురికి రాదు అని లెక్కేసుకుని ధైర్యంగా ఉన్న తల్లులు ఎంతమందో. మన ఊహా కుటుంబంలో ఇద్దరికి వచ్చింది చూడండి.

మరి మధ్యలో ఉన్న అమ్మాయి? ఆమె ఏఎస్ కావడానికి అవకాశం ఎంత? అందరూ 4లో 2 అంటారు. కాదు. ఆమె ఎస్ఎస్ కాదనే అనుకుందాం, ఏ నొప్పీ లేకుండా ఆరోగ్యంగా పెరిగింది కదా, కాబట్టి నాలుగు వంతుల్లో ఆ ఒక్క వంతు కొట్టేయాలి. మిగిలింది మూడు, అందులో రెండు ఏఎస్. అంటే 3లో 2. మీ చెల్లెలో అక్కో అలా ఉంటే ఆమెకు పరీక్ష ఎందుకు చేయించాలో ఈ లెక్క చెబుతుంది. ఏఎస్ అని తేలినా ఆమె ఆరోగ్యవంతురాలే, మామూలు జీవితం గడుపుతుంది. సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి కూడా పరీక్ష చేయిస్తే చాలు, అతను ఏఏ అయితే పిల్లల్లో ఎవరికీ ఎస్ఎస్ రాదు, సగం అవకాశంతో ఏఎస్ రావచ్చు అంతే. ఏఎస్ అనగానే అమ్మాయి సంబంధం తప్పించేయడం, అబ్బాయికి మాత్రం సూది కూడా గుచ్చనివ్వకపోవడం చూస్తుంటే ఒళ్లు మండుతుంది. అందుకే ఈ కాగితం ఇంట్లోనే భద్రంగా పెట్టుకోండి, పెళ్లిళ్ల పేరయ్యకు చూపించకండి.

ఇంతవరకు చదివింది మొదటి పొర, జన్యువు. ఇక అసలు ప్రశ్న. అన్నదమ్ములిద్దరిదీ అదే ఎస్ఎస్, ఎర్రకణంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లోని బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చింది, ఇద్దరికీ అక్షరం పొల్లు పోకుండా అదే మార్పు. ఈ సంగతిని 1956లో వెర్నన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టి ఆ మరుసటి ఏడాదికి తేల్చాడు. ఆ గొలుసును కట్టే 146 ముక్కల్లో, అంటే అమైనో ఆమ్లాల్లో, ఒక్కటి మారితే, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అంటుకుని పోగులు కట్టి ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. మామూలు ఎర్రకణం దాదాపు 120 రోజులు బతికితే ఇది 10, 20 రోజుల్లోనే పోతుంది. ఇదంతా ఇద్దరికీ సమానమే. అయితే ఒకడు మంచంలో, ఒకడు ఆటలో ఎందుకు?

ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు తీయండి, అది హిమోగ్లోబిన్ (హెచ్‌బీ) రకాలను విడదీసి ఏది ఎంత శాతమో చెప్పే పరీక్ష. అందులో హెచ్‌బీ ఎస్ పక్కనో కిందో హెచ్‌బీ ఎఫ్ అని ఒక శాతం ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు, డాక్టరు కూడా చెప్పకపోవచ్చు. ఈ అంకెను మీ వంశవృక్షంలో ఆ మనిషి బొమ్మ కింద రాయండి. మన కుటుంబంలో పెద్దబ్బాయికి 8, చిన్నబ్బాయికి 22 అనుకుందాం. ఎఫ్ అంటే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్. అందరికీ పుట్టినప్పుడు సగానికి పైగా ఈ రకమే ఉంటుంది, తర్వాత నెలనెలా తగ్గి దాని చోట పెద్దవాళ్ల రకం వస్తుంది. ఎస్ఎస్ బిడ్డలు మొదటి అయిదారు నెలలు ఏమీ లేనట్టు హాయిగా ఉండి, ఆ తర్వాత చేతివేళ్లు, పాదాలు వాచి ఏడవడం మొదలుపెట్టేది ఇందుకే. ఎఫ్ ఎక్కువున్నంత కాలం పోగులు కట్టడం కష్టం. 1948లో జానెట్ వాట్సన్ అనే అమెరికా పిల్లల డాక్టరు పుట్టిన బిడ్డల రక్తం చూసి ఈ సంగతి పట్టుకుంది.

ఎఫ్ తయారుచేసే జన్యువు పుట్టాక ఎక్కడికీ పోదు. మీలో, నాలో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని కట్టేశారు, అంతే. బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ వచ్చి ఆ జన్యువును పనిచేయకుండా ఆపుతుంది, దాని దగ్గర డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు, అంటే అతుక్కునే చిన్న రసాయన ముక్కలు, పడతాయి. అక్షరాలు మారకుండా, ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఆగాలి అని నిర్ణయించే ఇలాంటి ఏర్పాట్లనే ఎపిజెనెటిక్స్ అంటారు, ఇది రెండో పొర. 1982లో మిథైల్ గుర్తులను తగ్గించే 5-అజాసైటిడిన్ అనే మందు ఇచ్చి చూస్తే ఎఫ్ మళ్లీ పెరిగింది. 2023లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి పొందిన కాస్‌జెవీ అనే జన్యు చికిత్స కూడా ఎస్‌ను దిద్దదు, రక్తం తయారయ్యే కణాల్లో బీసీఎల్11ఏ నోరు మూయిస్తుంది. 2023లో దాని ఖరీదు అమెరికాలో 22 లక్షల డాలర్లు, కాబట్టి మనకు ఇప్పట్లో ఆశ లేదు. హైడ్రాక్సీయూరియా మాత్ర మాత్రం అందుబాటులో ఉంది, అది కూడా ఎఫ్‌ను పెంచుతుంది, డాక్టరు చూస్తూ, రక్తపరీక్షలు చేయిస్తూ ఇవ్వాలి, సొంతంగా కొని మింగేది కాదు.

ఆ కట్టు ఒకరికి గట్టిగా, ఒకరికి వదులుగా ఎందుకు పడుతుందన్నది మళ్లీ వేరే జన్యువుల్లో తేడాల వల్ల, ముఖ్యంగా బీసీఎల్11ఏ జన్యువులోని తేడాల వల్ల. అది 2వ క్రోమోజోమ్ (జన్యువులను మోసే కడ్డీ) మీద ఉంటుంది, ఎస్ మాత్రం 11వ దాని మీద. రెండూ విడివిడిగా పంచబడతాయి కాబట్టి అన్నదమ్ములకు ఎస్ ఒకేలా వచ్చి, ఇది వేరుగా రావచ్చు. భారత్‌లో కనిపించే ఎస్ రకంలో ఎఫ్ సగటున ఎక్కువగా ఉంటుంది, దాన్ని చూసి మనవాళ్లకు జబ్బు తేలికలే అని కొందరంటారు. ఆ మాట నమ్మకండి, తీవ్రంగా బాధపడేవాళ్లు మన మధ్యే ఉన్నారు.

మూడో పొర పరిసరాలు. దీనికి ఇంకో కాగితం కావాలి. పన్నెండు నెలలకు పన్నెండు గడులు గీసి, నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ నెలలో ఒక చుక్క పెట్టండి, పక్కనే ముందు రెండు రోజుల్లో ఏం జరిగిందో రాయండి. ఎండలో తిరిగాడా, నీళ్లు తాగలేదా, జ్వరమా, చలిలో స్నానమా, బాగా పరుగెత్తాడా. ఒళ్లు ఎండిపోవడం, చలి, ఇన్ఫెక్షన్, మితిమీరిన శ్రమ, ఇవే ఎక్కువగా నొప్పిని రేపుతాయి. మన దగ్గర మే నెల గడి ముఖ్యంగా చూడండి. తునికాకు సీజన్‌లో తెల్లవారకముందే ఇల్లంతా అడవికి పోతుంది, పిల్లలూ వెంట పోతారు, ఆకు కోసి తెచ్చి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పేదాకా తీరిక ఉండదు. పెద్దబ్బాయి పది దాటాక పనికొస్తాడని తీసుకెళ్తారు, చిన్నవాణ్ని ముసలమ్మ దగ్గర వదిలేస్తారు. అడవికి తీసుకెళ్లిన సీసా పొద్దున్నే అయిపోతుంది, మధ్యాహ్నానికి వాడి పెదాలు ఎండి ఉంటాయి, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది, రాత్రికి నడుము, కాళ్లు పట్టేస్తాయి. అలాంటప్పుడు ఎఫ్ 8 మాత్రమే ఉన్నవాడికి ఎండ కూడా తోడైంది. ఇద్దరి తేడాలో ఎంత ఎఫ్‌ది, ఎంత ఎండది అని త్రాసులో తూచి చెప్పలేం, కానీ ఎండది మన చేతిలో ఉంది. వాడికి వేరే సీసా ఇవ్వండి, కుదిరితే ఇంట్లో కట్టలు కట్టే పనే అప్పగించండి. వానాకాలం గడులు కూడా చూడండి. ఏఎస్ ఉన్నవాళ్లకు ప్రాణాంతకమైన ఫాల్సిపరం మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆంటొనీ అలిసన్ అనే శాస్త్రవేత్త చూపించాడు, మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో ఎస్ తరతరాలుగా నిలిచింది అందుకే. అయితే ఎస్ఎస్ పిల్లలకు మలేరియా చాలా ప్రమాదం. దోమతెర ముందు వాళ్లకే.

ఎపిజెనెటిక్స్ పేరుతో ఫోన్‌లో తిరిగే మాటల గురించి ఒక హెచ్చరిక. ముత్తవ్వ పడ్డ దుఃఖం మీ డీఎన్ఏలో రాసి ఉంది, ఫలానా మంత్రంతో చెరుగుతుంది లాంటివి నమ్మకండి. బిడ్డ ఏర్పడే మొదటి రోజుల్లో ఇలాంటి గుర్తుల్లో చాలావరకు చెరిగిపోయి కొత్తగా పడతాయి, మనుషుల్లో తరాలు దాటి దిగుతాయనడానికి ఆధారాలు బలహీనం. కడుపులో ఉన్నప్పటి తిండి మాత్రం వేరే సంగతి. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు కడుపున పడ్డవాళ్లను ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షించి, కరువు తగలని సొంత తోబుట్టువులతో పోలిస్తే, ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు తక్కువగా కనిపించాయి. 2008లో వచ్చిందా ఫలితం. తోబుట్టువులతోనే పోల్చారు చూడండి, మనం ఈ రోజు చేసింది కూడా అదే పద్ధతి.

ఇక అభ్యాసం. మీ కాగితంలో ప్రశ్న గుర్తు ఉన్న ప్రతి మనిషికీ కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చదివి, ఏఎస్ అయ్యే అవకాశం ఎంతో పెన్సిల్‌తో రాయండి. తర్వాత వాళ్లను పరీక్షకు పంపండి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేస్తున్నారు, ఆశా అక్కను అడగండి. మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఎస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది, ఏఎస్, ఎస్ఎస్ తేడా చెప్పదు, ఆరు నెలల లోపు పసిబిడ్డల్లో తప్పిపోవచ్చు కూడా, కాబట్టి ఎస్ ఉందని వస్తే హెచ్‌పీఎల్‌సీ కచ్చితంగా అడగండి. ఈ మధ్య రక్తం ఎక్కించిన పిల్లలకు మూడు నెలలు ఆగి చేయించండి, లేదంటే ఎవరి రక్తం కనిపిస్తుందో తెలియదు.

వచ్చే పాఠంలో షుగర్ తీసుకుందాం. అక్కడ ఒక్క అక్షరం కథ కాదు, సగం నింపే బొమ్మలు పనికిరావు. పుణె దగ్గర పల్లెల్లో 1990లలో మొదలైన పరిశోధనలో బిడ్డలు సగటున 2.7 కిలోలే పుట్టినా, చిక్కిన ఒంట్లో కొవ్వు మాత్రం తగ్గలేదని తేలింది, దాన్ని బట్టే మొదలుపెడదాం. అందుకోసం ఇంట్లో పిల్లలందరి జనన బరువులు కావాలి. తల్లీబిడ్డల కార్డులు ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉంటాయి, వెతికి పెట్టండి, కార్డు లేని వాళ్లకు అమ్మమ్మను అడిగి, పుట్టినప్పుడు సన్నగా ఉన్నాడా, బొద్దుగా ఉన్నాడా అన్నదైనా రాసుకోండి.